విరిగిన ఫైలు, పెరిగిన బిల్లు

తార్నాకలో మెట్రో దిగి హబ్సిగూడ మీదుగా మా రామంతాపూర్ దాకా రండి. టిఫిన్ సెంటర్లతో పోటీపడి పళ్ల డాక్టర్ల బోర్డులు కనిపిస్తాయి. ప్రతి బోర్డు మీదా ముప్పై రెండు పళ్లూ బయటపెట్టి నవ్వే మనిషొకరు ఉంటారు. బిల్లు చేతికి రాకముందు తీసిన ఫొటో అది.

నేను వెళ్లింది వెనక దవడ పన్ను కోసం. క్లినిక్ పేరు ఎందుకులెండి. రూట్ కెనాల్‌కి 6,500, పైన క్యాప్‌కి 8,000, వెరసి 14,500 రూపాయలని ఓపీ కాగితం వెనక పెన్నుతో రాసిచ్చారు. ఆ వారం ఆఫర్ ఉందట. వాయిదాల్లో కట్టొచ్చట. క్యాప్‌కి పదిహేనేళ్ల వారంటీ కార్డు కూడా ఇస్తారట. "మరి కింద పంటికో?" అంటే రిసెప్షన్ అమ్మాయి నవ్వేసింది. జోకనుకుంది పాపం.

రెండో సిట్టింగులో డాక్టరుగారి చెయ్యి ఉన్నట్టుండి ఆగింది. నోరు తెరుచుకుని పడుకున్నవాడికి డాక్టరు మౌనాన్ని మించిన భయం లేదు. "స్మాల్ కాంప్లికేషన్ అంకుల్, ఏం కాదు" అన్నాడు చివరికి. నిజమే, కాంప్లికేషన్ చిన్నదే. పంటి వేరు లోపలి కాలువను శుభ్రం చేసే సన్నటి ఫైలు కొస విరిగి అక్కడే ఉండిపోయింది. పెద్దదల్లా ఆ తర్వాత వచ్చిన బిల్లే.

స్కాన్ 2,500. స్పెషలిస్టు వచ్చినందుకు 5,000. మైక్రోస్కోప్‌లో చూసినందుకు 4,000. మందులు, గ్లవ్స్ వగైరా 900. "ఇన్‌స్ట్రుమెంట్ రిట్రీవల్ అటెంప్ట్" 12,000. పాతదానితో కలిపి 38,900. చివరి పద్దుని రెండుసార్లు చదివాను. అటెంప్ట్! అంటే తీయబోయారు, రాలేదు. తిరుమల మెట్లు సగం ఎక్కి దిగొచ్చినవాడు కూడా ప్రసాదం అడగడానికి మొహమాటపడతాడే!

మా గల్లీ టైలర్ మిషన్ సూది విరిగి జాకెట్టులో ఉండిపోయిందనుకోండి. సూది వెతికిన కూలి, వెతకడానికి పెట్టుకున్న కళ్లద్దాల అద్దె, పక్కవీధి టైలర్‌ని పిలిపించిన ఖర్చు మా ఆవిడ దగ్గర అడుగుతాడా? అడిగితే ఏమవుతుందో ఆయనకి తెలుసు. అందుకే అడగడు.

ఈ మాటే అంటే డాక్టరుగారు నొచ్చుకున్నారు. "ఇది మెషీన్ రిపేర్ కాదు సార్, హ్యూమన్ బాడీ." అంతదాకా అంకుల్‌నే, అప్పటి నుంచి సార్‌నయ్యాను. మనిషి శరీరమన్న సంగతి ఆఫర్లు, వాయిదాలు, వారంటీ కార్డులు చూపించేటప్పుడు ఎవరికీ గుర్తులేదు. బేరమప్పుడు కొట్టు, విరిగినప్పుడు గుడి. ఇదండీ నాకు అర్థమైన దంతవైద్య వ్యాపార శాస్త్రం.

న్యాయం మాట్లాడాలంటే, ఫైలు విరగడమే నేరం అనను. చెయ్యి తిరిగిన డాక్టరుకీ విరుగుతుంది. వంకర తిరిగిన వేర్లలో మరీను. కానీ నికెల్-టైటానియం ఫైళ్లు వాడేకొద్దీ అలసిపోయి విరుగుతాయని దంతవైద్య శాస్త్రమే చెబుతోంది. కాబట్టి నా ఫైలు అంతకుముందు ఎన్ని నోళ్లు తిరిగొచ్చిందని అడిగాను. జవాబు రాలేదు. మా రామంతాపూర్‌లో కేంద్ర ఫోరెన్సిక్ ప్రయోగశాల ఉంది, డిటెక్టివ్‌లకు తర్ఫీదిచ్చే కేంద్ర సంస్థ కూడా ఉంది. ఆ ఫైలుముక్కని నేనే జేబులో వేసుకెళ్లి పంట్లో పెట్టుకున్నానేమో వాళ్లయినా తేలుస్తారని ఆశ.

"కన్సెంట్ ఫారంలో సంతకం పెట్టారు కదా" అనేది రెండో అస్త్రం. పెట్టాను. దవడ తిమ్మిరెక్కి, కళ్లజోడు ట్రేలో ఉన్నప్పుడు, చీమతలకాయంత ఇంగ్లీషు అక్షరాల కింద పెట్టాను. నాకు తెలిసిన భాషలో అంతా వివరించారని అందులో ఉందట. వివరించినట్టు కూడా నాకు ఇంగ్లీషులోనే తెలిసింది.

యూనివర్సిటీలో లా చదివే మా పక్కింటి కుర్రాడు ఈ సంగతి విని, "అంకుల్, సంతకం పెట్టిండ్రు గదా, దేనికి పెట్టిండ్రు?" అన్నాడు. సమీరా కోహ్లీ కేసు చెప్పింది వాడే. 1995లో ఢిల్లీలో ఒకావిడ పరీక్ష కోసం మత్తు తీసుకుంటే, ఆ మత్తులోనే పెద్ద ఆపరేషన్ చేసి 39,325 రూపాయలు అడిగారు. ఒకదానికిచ్చిన సమ్మతి ఇంకోదానికి చెల్లదని, ప్రాణం మీదికొస్తే తప్ప రోగి తెలివిలోకి వచ్చేదాకా ఆగాల్సిందేనని 2008 జనవరిలో సుప్రీంకోర్టు తేల్చింది. ఫీజు మొత్తం పోగా డాక్టరే 25,000 పరిహారం ఇచ్చుకోవాల్సి వచ్చింది. నాది ఆపరేషన్ కాదు, పన్నే. కానీ ఆ కుర్చీలో నేను మెలకువగానే ఉన్నాను కదా! "ముక్క విరిగింది, తీయడానికి ఇంత అవుతుంది, రాకపోవచ్చు కూడా, ఏం చేద్దాం?" అనడానికి అర నిమిషం పట్టదు.

ఫీజు ముందే చెప్పాలి, చికిత్స నడుస్తుండగానో అయ్యాకనో కాదని 2002 నాటి వైద్యుల నియమావళిలో ఉంది. 2014 నాటి దంతవైద్యుల నియమావళిలోనూ ఉంది. 1995లో వి.పి. శాంత కేసు తీర్పుతో, డబ్బు తీసుకుని చేసే వైద్యం వినియోగదారుల చట్టం కిందికి వచ్చేసింది. చెల్లించిన సొమ్ము ఐదు లక్షలు దాటకపోతే జిల్లా కమిషన్‌లో ఫిర్యాదుకి ఫీజు లేదు, వకీలు లేకపోయినా ఫరవాలేదు, మనం ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు. గడువు రెండేళ్లు. ముందు సలహా కావాలంటే 1915కి ఫోన్ చేయొచ్చు. వెనక దవడ పన్ను పుణ్యమా అని ఈ వయసులో ఇంత చదువు అబ్బింది.

మాట ఇచ్చిన 14,500 కట్టి రసీదు తీసుకున్నాను. మిగతా ప్రతి పద్దుకీ నన్నెప్పుడు అడిగారో, నేనేం జవాబిచ్చానో చెప్పమని, ఎక్స్-రేలు, కేసు షీటు నకళ్లు ఇమ్మని ఉత్తరం రాసి స్పీడ్ పోస్టులో పంపాను. నాలుగో రోజు రిసెప్షన్ అమ్మాయి ఫోన్ చేసింది. "గుడ్‌విల్ కింద రిట్రీవల్ తీసేశాం అంకుల్."

బిల్లులోంచి తీసేశారు. పంట్లోంచి తీయలేదు. మిగిలిన 12,400 నేను కట్టలేదు, కట్టను. రెండేళ్ల గడువులో ఇంకా ఇరవై నెలలున్నాయి.