వేంగి చూసొచ్చిన ఇత్తడి క్యారేజీ ఆత్మకథ

ఈ ఆత్మకథ చెప్పుకుంటున్న క్యారేజీ ఇత్తడిది: నాలుగు గిన్నెలు, రెండు పక్క కమ్మీలు, పైన పిడి. పుట్టింది తణుకు వైపు, ఇత్తడి పనికి పేరుపడ్డ అజ్జరంలో. ఉంటున్నది తాడేపల్లిగూడెంలో, ఉల్లిపాయల మార్కెట్లో గుమస్తాగా చేసిన ఒకాయన ఇంట్లో. లోపల తగరపు కళాయి ఉన్నంతకాలమే ఇత్తడి గిన్నెలో పులుపు పెడతారు. కళాయి అరిగితే చింతపండుకి చిలుము పుట్టి తిన్నవాళ్లకు చేటు చేస్తుంది. స్టీలు గిన్నెలు వచ్చాక ఇది అటకెక్కింది. ఇంటిల్లిపాదీ కదిలి ఎక్కడికైనా వెళ్తే మాత్రం నాయనమ్మ కళాయి పెట్టించి మరీ దింపిస్తుంది.

వేంగి చూసింది అలాంటి ప్రయాణంలోనే. రెండు రోజులు, నడుమ రాత్రి ఏలూరులో మేనత్త గారింట్లో మకాం. పై గిన్నెలో జంతికలు, కింద పెరుగన్నం, వేపుడు, అడుగున పులిహోర. గూడెంలో పాసింజరెక్కి పూళ్ల, భీమడోలు, దెందులూరు దాటితే ఏలూరు. అక్కడి నుంచి అద్దె కారు.

వేంగి అంటే ఇప్పటి పెదవేగి, ఏలూరికి ఉత్తరాన సుమారు 12 కిలోమీటర్లు. శాలంకాయనులు ఏలింది ఇక్కడి నుంచే. సముద్రగుప్తుడి అలహాబాదు స్తంభ శాసనంలో కనిపించే హస్తివర్మ ఈ వేంగి రాజే. 7వ శతాబ్దంలో చాళుక్య రెండో పులకేశి ఈ నేలను గెలిచి తమ్ముడు కుబ్జవిష్ణువర్ధనుడికి అప్పగించాడు. తూర్పు చాళుక్య వంశం అతనితో మొదలైంది. 11వ శతాబ్దానికి రాజధాని రాజమహేంద్రవరం చేరింది. ఇంత చరిత్ర ఉన్న ఊళ్లో చూడటానికి మిగిలింది మాత్రం కొంచెమే: ధనమ్మ దిబ్బ దగ్గర పురావస్తు శాఖ తవ్వకాలు, ఇటుక కట్టడాల ఆనవాళ్లు, చుట్టూ తోటలు. పిల్లలు "కోటేది నాయనమ్మా?" అని అడిగారు. జవాబుగా జంతికల గిన్నె తెరుచుకుంది. రాజధాని అంటే బురుజులుండాలని పట్టుబట్టేవాళ్లకు పెదవేగి నచ్చదు.

గుంటుపల్లిలో ఆ బాధ లేదు. జీలకర్రగూడెం పక్క కొండల్లో క్రీస్తుపూర్వం నాటి బౌద్ధ గుహలు, ఇటుక చైత్యం, బారులు తీరిన చిన్నచిన్న స్తూపాలు ఉన్నాయి. అన్నిట్లోకీ తీరిగ్గా చూడవలసింది గుండ్రని గుహ చైత్యం. మధ్యలో స్తూపం, దాని చుట్టూ మనిషి తిరిగేంత సందు. పైకప్పుకి రాతిలోనే వాసాలు చెక్కారు. అన్నీ నడినెత్తికి చేరతాయి. కొండకి వాసాలతో పనిలేదు. చెక్కినవాళ్లకు తెలిసిన ఇల్లు కర్రది గనక రాతిలోనూ కర్రపనే చూపించారు. పండితులు దీన్ని బరాబర్ కొండల్లోని లోమశ ఋషి గుహతో పోలుస్తారు. నాయనమ్మ అంతదూరం వెళ్లలేదు. తలెత్తి చూసి, "చుట్టిల్లేగా ఇది! మా పుట్టింటి దొడ్లో ఉండేదర్రా" అంది. గాలివానకి మూల దొరక్కుండా కోస్తావాళ్లు కట్టుకున్న చుట్టిళ్లు తెలిసినవాళ్లకి ఈ గుహ గురించి వేరే చెప్పనక్కర్లేదు. పులిహోర గిన్నె మెట్ల మీదే ఖాళీ అయింది.

ఏలూరు కాలవల ఊరు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో, బెజవాడ ఆనకట్ట 1855లో పూర్తయ్యాక గోదావరి నీళ్లూ కృష్ణ నీళ్లూ కాలవల్లో వచ్చి ఇక్కడ కలిశాయి. రైలు రాకముందు సరుకూ జనమూ ఆ కాలవల మీద పడవల్లో తిరిగేవాళ్లు. ఇక్కడి ఉన్ని తివాచీల పని పర్షియా నేతగాళ్లతో వచ్చిందంటారు. నిలువు మగ్గం మీద ఒక్కో పోగు ముడివేసి, కత్తితో తెంపి, వరస పూర్తికాగానే పంజాతో దట్టిస్తారు. అరగంట నిలబడి చూసినా తివాచీ పెరిగినట్టే ఉండదు.

రెండో రోజు మేనత్త గిన్నెల్లో కొర్రమీను పులుసు సర్దింది. దారి కొల్లేటి వైపు. రెండు డెల్టాల మధ్య పల్లం ఈ సరస్సు. బుడమేరు, తమ్మిలేరు ఇందులో పడతాయి, నీళ్లు ఉప్పుటేరు గుండా సముద్రానికి పోతాయి. పులకేశి యుద్ధంలో నెత్తురు కలిసి రంగు మారిందని 634 నాటి ఐహోళె శాసనంలో కవి రవికీర్తి వర్ణించిన కునాల సరస్సు ఇదేనని చరిత్రకారుల అభిప్రాయం. వేంగి కోసం జరిగిన పోరుకి పెదవేగి కన్నా ఈ నీళ్లే దగ్గరి సాక్షి అన్నమాట. కొల్లేరు 1999లో అభయారణ్యమైంది, 2002లో రామ్‌సర్ జాబితాకెక్కింది. నీటిని మింగిన చేపల చెరువుల గట్లను 2006లో ప్రభుత్వం తెగ్గొట్టించింది.

కైకలూరు పక్క ఆటపాకలో గూడబాతులు గూళ్లు కట్టుకోవటానికి నీళ్లలో ఇనప స్టాండ్లు నిలిపారు. ఒక్కో స్టాండు మీద కాలు మోపే చోటుండదు. పిల్ల తలంతా తల్లి ముక్కు సంచిలోకి దూర్చి మేత తింటుంది. పడవలో ఉన్న పిల్లలు భయపడ్డది అది చూసే.

తిరుగు ప్రయాణం కైకలూరులో రైలెక్కి భీమవరం దాకా, ఆపైన తాడేపల్లిగూడెం బస్సు. ఆకివీడు ముందు ఉప్పుటేరు వస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అటువైపు ఏలూరు జిల్లా, ఇటువైపు పశ్చిమగోదావరి. నాలుగు గిన్నెలూ అప్పటికే ఖాళీ. నాయనమ్మ ఆకివీడు స్టేషన్లో పకోడీ కొనిపించి పై గిన్నెలో వేయించింది.