ప్లాట్‌ఫారం కన్నా పొడవు

ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం 1,072 మీటర్లు.
ఒకప్పుడు ప్రపంచంలోనే పొడవైనది. 2013లో గోరఖ్‌పూర్, 2023లో హుబ్బళ్లి దాన్ని దాటేశాయి.
ఊరు దిగులు పడనక్కర్లేదు. డెవలపర్ సదస్సులో వక్తగారి స్వపరిచయం ఆ రెండింటినీ దాటేస్తుంది.

ఇక్కడి ఐఐటీలో ఓపెన్ సోర్స్ సొసైటీ పిల్లలు చలికాలంలో ‘వింటర్ ఆఫ్ కోడ్’ పెట్టి కొత్తవాళ్ల చేత కోడ్ రాయిస్తారు. వాళ్ల జోలికి పోవడం లేదు.
మన గొడవంతా రాయడం మానేసి చెప్పడం మొదలెట్టినవాళ్లతో.

అంశం: స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌తో వెబ్ అప్లికేషన్.
చేతిలో మాక్‌బుక్. స్లైడ్లు పవర్‌పాయింట్‌లో.
స్వేచ్ఛ ఎక్కడుందంటారా? పదిహేడో స్లైడులో ఉంది.

డెమో: చేయాల్సిన పనుల జాబితా.
‘పాలు తేవాలి’ అని కొడితే తెర మీద ‘పాలు తేవాలి’ అని పడింది. చప్పట్లు!
దాని అడుగున ఎవరెవరో జీతం లేకుండా రాసిన వందల ప్యాకేజీలు.
2016లో ఒకాయనకి ఒళ్లు మండి ‘లెఫ్ట్‌ప్యాడ్’ అనే 11 లైన్ల ముక్క పీకేస్తే వేల ప్రాజెక్టులు చతికిలపడ్డాయి.
ఆ సంగతి స్లైడులో లేదు. స్పాన్సర్ల లోగోలకే చోటు చాల్లేదు మరి.

వెనక వరసలో రైల్వే వర్క్‌షాపు నుంచి రిటైరైన మన తెలుగు తాత ఒకరుంటే ఊరుకుంటారా?
“బాబూ, అర్ధరాత్రి ఇది చెడితే బాగుచేసేదెవరు?”
“కమ్యూనిటీ చూసుకుంటుందండీ.”
“అందులో నువ్వూ ఉన్నావా?”
“నేను స్పీకర్నండీ!”