నాణేలు పోతాయి, నంబర్లు ఉంటాయి

ఆన్‌లైన్ ఆటల కంపెనీలది మహా తెలివైన మతిమరుపు. బోనస్ కింద ఇచ్చిన నాణేలు గడువు రోజు అర్ధరాత్రి పన్నెండు కొట్టగానే వాటికి గుర్తుండవు. నెలల తరబడి నిద్ర మానుకుని ఎక్కిన ర్యాంకు సీజన్ మారగానే గుర్తుండదు. ఇదేమిటని అడిగితే, ఎవరూ చదవని షరతుల్లో ఎక్కడో ముందే చెప్పామంటాయి. అదే మీ ఫోన్ నంబరు, పుట్టిన తేదీ, ఏ ఊళ్లో ఏ వేళప్పుడు ఏ ఫోన్‌లో ఆడారు, ఎంత పోగొట్టుకున్నాక మళ్లీ డబ్బులు వేశారు అన్నవి మాత్రం ఆట మానేసి ఏళ్లు గడిచినా నిన్న జరిగినట్టు గుర్తుంటాయి. పుట్టినరోజు సంగతి ఇంట్లోవాళ్లు మరిచిపోయినా యాప్ మరిచిపోదు. తెల్లవారకముందే శుభాకాంక్షలు, వాటి వెనకే ఒక ఆఫరు.

మన సొత్తు మరిచిపోవడం, మన గుట్టు గుర్తుపెట్టుకోవడం. ఈ వ్యాపారం మొత్తం ఈ రెండు కాళ్ల మీదే నడుస్తోంది.

ఖాతా తెరవడానికి ఒక ఓటీపీ చాలు. మూయడానికి ఎంత కావాలో మా బావమరిదిని అడగండి. ఒక రమ్మీ యాప్‌లో తన ఖాతా తీసేయించాలని కూర్చున్నాడు. యాప్ పేరు చెప్పను, ఏ యాప్ అయినా కథ ఒకటే. సెట్టింగులన్నీ గాలించి, 'సహాయం' కింద, 'ఇతర ప్రశ్నలు' కింద, 'ఇంకా ఇతర ప్రశ్నలు' కింద ఆ మీట పట్టుకున్నాడు. నొక్కగానే చాట్‌బాట్ కన్నీళ్లు పెట్టుకుంది. "అయ్యో! వెళ్లిపోతున్నారా? కారణం ఎంచుకోండి" అంది. మూడు కారణాలు చూపించింది: కాస్త విరామం కావాలి, నోటిఫికేషన్లు ఎక్కువయ్యాయి, పొరపాటున నొక్కాను. 'ఇక ఆడను' అన్నది అందులో లేదు. అలాంటి మనిషి ఉంటాడని కంపెనీ నమ్మదు.

వీడు మూడోది నొక్కకుండా నిగ్రహించుకుని ముందుకు వెళ్లాడు. అప్పుడు అడిగింది: "మీ భద్రత కోసం, పాన్ కార్డు చేత్తో పట్టుకుని సెల్ఫీ దిగి పంపండి."

"బావా, చేరేటప్పుడు అడగని ఫొటో పోయేటప్పుడు ఎందుకంట?"

"ఫేర్‌వెల్ ఫొటోరా. ఆఫీసుల్లో రిటైరైనవాళ్లకి తియ్యరూ?"

పంపాడు. పదిరోజులకు జవాబొచ్చింది. చట్టం కోరిన మేరకు, వ్యాపార అవసరాల మేరకు, మోసాలను అరికట్టడానికి కావాల్సిన మేరకు ఉంచుకుని, మిగతా సమాచారమంతా తొలగించారట. ఇన్ని 'మేరకు'లు పోగా మిగిలింది వాడి ప్రొఫైల్ బొమ్మ. అదీ వాడిది కాదు, ప్రభాస్‌ది. ఖాతా మూయించకముందు కంపెనీ దగ్గర వాడి నంబరు ఒక్కటే ఉండేది. మూయించాక నంబరు, పాన్ కార్డు, ముఖం కూడా చేరాయి.

రమ్మీతో మన రెండు రాష్ట్రాలకూ పాత లెక్కలున్నాయి. తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో చట్టాలు సవరించి ఆన్‌లైన్ రమ్మీని నిషేధించాయి. యాప్‌లు ఆ నిషేధాన్ని ఎంత శ్రద్ధగా పాటించాయంటే, "మీ రాష్ట్రంలో ఆడకూడదు" అని చెప్పడానికి ముందు మీరు ఎక్కడున్నారో లొకేషన్ అడిగేవి. ఆడించని మనిషి చిరునామా కూడా వాటికి కావలసిందే. ఆనక 2025 ఆగస్టులో పార్లమెంటు డబ్బులు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలన్నిటినీ దేశమంతటా నిషేధించింది. బిల్లు లోక్‌సభలో 20న, రాజ్యసభలో 21న నెగ్గింది. 22న రాష్ట్రపతి సంతకమైంది. మూడు రోజుల్లో ముక్కలు కలపడం ఆగిపోయింది. ముక్కలు పంచినవాడి దగ్గర చేరిన పాన్, బ్యాంకు ఖాతా, సెల్ఫీ మాత్రం ఎక్కడివక్కడే ఉన్నాయి. గెలుపు మీద 30 శాతం పన్ను కోసేవారు కాబట్టి పద్దులు కొన్నేళ్లు దాచాల్సిందే, కాదనం. అయితే మనం అర్ధరాత్రి రెండింటికి ఏ సందులో కూర్చుని ఓడిపోయామో తెలియకపోతే ఆదాయపన్ను శాఖకు వచ్చే లోటేమిటి?

నిషేధానికి కూడా చావనివి ఈ వివరాలు. 2020 సెప్టెంబరు 2న కేంద్రం పబ్జీ మొబైల్‌తో సహా 118 యాప్‌లను నిషేధించింది. దేశ భద్రత, మన పౌరుల సమాచారం కారణమంది. కుర్రాళ్లు కన్నీరుమున్నీరయ్యారు. తల్లిదండ్రులు కొబ్బరికాయలు కొట్టారు. మరుసటేడు జులైలో అదే ఆట పేరు మార్చుకుని బీజీఎంఐగా దిగింది. దిగీ దిగగానే, "మీ పాత ఖాతాలోని సామాన్లు ఇక్కడికి తెచ్చుకుంటారా?" అని అడిగింది. ఒప్పుకున్నవాళ్ల డ్రెస్సులు, తుపాకుల రంగులు చెక్కుచెదరకుండా వచ్చాయి. ఇన్నాళ్లూ అవి ఎక్కడున్నాయని ఒక్క కుర్రాడూ అడగలేదు. డ్రెస్సు వచ్చింది, చాలు.

ఇదంతా మనవాళ్ల ఘనతే అనుకోకండి. అమెరికాలో మైక్రోసాఫ్ట్ ఎక్స్‌బాక్స్ ఖాతా తెరవబోయి, అమ్మానాన్నల అనుమతి దగ్గర ఆగిపోయిన పిల్లల వివరాలను 2015 నుంచి 2020 దాకా, కొన్నిటిని ఏళ్ల తరబడి, అట్టే ఉంచుకుంది. అంటే, ఖాతాయే తెరవని పిల్లలవి. సంస్థ నియమం ప్రకారం 14 రోజుల్లో తుడిచేయాలి. ఏదో సాంకేతిక లోపం వల్ల తుడవలేదట. నాణేల గడువు దగ్గర ఈ లోపం ఎన్నడూ రాదేమో గమనించండి. 2023 జూన్‌లో అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌కు 2 కోట్ల డాలర్లు కట్టడానికి ఒప్పుకుంది. అంతకు ఆర్నెల్ల ముందు ఫోర్ట్‌నైట్ యజమాని ఎపిక్ గేమ్స్ పిల్లల గోప్యత కేసులోనే 27.5 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. మా పిల్లల వివరాలు తీసేయండని అడిగిన తల్లిదండ్రులను నానా తిప్పలు పెట్టిందని, కొన్నిసార్లు అడిగినా తీయలేదని కమిషన్ ఆరోపణ.

పోనీ, దాచుకుంటే దాచుకోనీ, మనకేం నష్టం అంటారా? 2011 ఏప్రిల్‌లో సోనీ ప్లేస్టేషన్ నెట్‌వర్క్‌లో దొంగలు పడ్డారు. దాదాపు 7.7 కోట్ల ఖాతాల వివరాలకు ఎసరొచ్చింది. మరుసటి నెల అదే సోనీకి చెందిన మరో ఆటల విభాగం ఇంకో కబురు చెప్పింది. 2007 నాటి పాత డేటాబేస్ ఒకటి కూడా పోయి ఉండొచ్చని, అందులో అమెరికా బయటివాళ్ల 12,700 కార్డు నంబర్లున్నాయని. నాలుగేళ్లుగా ఎందుకుంచారో ఎవరికీ తెలియదు. సోనీకి అది పాత సరుకు, దొంగకు కొత్తదే.

మన ప్రభుత్వమూ మేలుకుంది. డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 2023 ఆగస్టులో వచ్చింది. దాని నిబంధనలు రావడానికి 2025 నవంబరు అయింది. అందులో అసలైనవి అమల్లోకి రావడానికి ఇంకో 18 నెలలు గడువిచ్చారు. మనకు ఓటీపీ గడువు రెండు నిమిషాలు.

చట్టం మంచిదే. వివరాలు తీసేయమని అడిగే హక్కు ఇచ్చింది. అనుమతి ఇచ్చినంత సులువుగానే వెనక్కి తీసుకునే వీలుండాలంది. పద్దెనిమిదేళ్లు నిండనివాళ్లకు అమ్మానాన్నల అనుమతి ఉండాలంది. అమ్మానాన్నలమని చెప్పుకునేవాళ్లు నిజంగా పెద్దవాళ్లేనని తేల్చాలని నిబంధనలు అన్నాయి. దాంతో ఒక పిల్లాడు ఆడితే ఇద్దరి వివరాలు చేరతాయి. మనవాళ్లు దీనికి విరుగుడు ఎప్పుడో కనిపెట్టారు. ఆటల యాప్‌ల లెక్కన మన ఆరో తరగతి పిల్లలంతా 1990 జనవరి 1న పుట్టినవాళ్లే.

అడగకుండా చడీచప్పుడు లేకుండా మానేసినవాళ్ల సంగతీ నిబంధనల్లో ఉంది. మన దేశంలో 50 లక్షలకు తక్కువ కాకుండా ఖాతాలున్న ఆటల సంస్థ, మూడేళ్లుగా అటువైపు రానివాళ్ల సమాచారాన్ని తుడిచేయాలి. ఉన్న ఖాతాలోకి వెళ్లడానికి, వాలెట్‌లోని టోకెన్లు వాడుకోవడానికి కావాల్సినవి మాత్రం మినహాయింపు. అదీగాక, ఏ వివరాన్నయినా, లాగ్‌లతో సహా, కనీసం ఏడాది ఉంచాలి. ప్రభుత్వం అడిగితే చూపించాలి కదా. గోప్యతను కాపాడే నిబంధనల్లోనే అందుకూ చోటు దొరికింది.

మూడేళ్లు ఎక్కణ్ణుంచి లెక్క? మీరు చివరిసారి ఆ గడప తొక్కిన రోజు, మీ హక్కుల కోసం అడిగిన రోజు, నిబంధనలు మొదలైన రోజు, వీటిలో ఏది ఆఖరిదైతే అక్కణ్ణుంచి. తుడిచేయడానికి కనీసం 48 గంటల ముందు కంపెనీ మీకు కబురు పెట్టాలి. లాగిన్ అయితే తుడవడం ఆపేస్తామని చెప్పాలి. ఆ కబురు చూడగానే, పాత ర్యాంకు ఎంతో ఒక్కసారి చూసుకుందామని మీ వేలు దురద పెడుతుంది. ఎప్పుడు ఎంత దురద పెడుతుందో మీకంటే కంపెనీకే బాగా తెలుసు. అది తెలుసుకోవడానికే కదా ఇన్నాళ్లూ ఆ వివరాలు దాచింది. నొక్కారా, గడియారం మళ్లీ సున్నా దగ్గరికొచ్చి ఇంకో మూడేళ్లు మొదలు. కాబట్టి ఆ రెండు రోజులూ ఫోన్ పక్కన పడేసి, ఏమీ చేయకుండా ఊరికే కూర్చోండి. ఈ దేశంలో పౌరుడు ఊరికే కూర్చుని సాధించుకోగల హక్కు ఇదొక్కటే.