వీకైతే లోపల, గుడ్డయితే గుమ్మం దగ్గర

లెక్కలు రాని పిల్ల 'వీక్ ఇన్ మ్యాథ్స్'. అదే పిల్ల రాత్రీ పగలూ కూర్చుని లెక్కలు నేర్చుకుంటే 'గుడ్ ఎట్ మ్యాథ్స్'. అంటే రానన్నాళ్లూ లెక్కల లోపలే ఉంచి, వచ్చిన మర్నాడు బయటికి పంపి గుమ్మం దగ్గర నిలబెడతారన్నమాట. అక్కడితో ఆగకుండా ఇంకా సాధన చేసి ఆరితేరిందనుకోండి, అప్పుడు 'ప్రొఫిషియెంట్ ఇన్'. మళ్లీ లోపలికి! ఈ రాకపోకలకు కారణమేమిటని తొమ్మిదో తరగతి చదువుతున్న మా మనుమరాలు కొన్నాళ్లుగా నన్ను నిలదీస్తోంది. బిట్ల పుస్తకం తెచ్చి ఖాళీ గీత మీద వేలు పెట్టి, "తాతా, గీడ ఏం పెట్టాలె?" అంటుంది. అలాంటి పుస్తకం మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది, వర్ణించను.

ఆరోగ్యానికి మేలు చేస్తే గుడ్ ఫర్. పిల్లల్ని ఆడించడం చేతనైతే గుడ్ విత్. మనల్ని బాగా చూసుకుంటే గుడ్ టు. అడక్కుండా సాయం చేస్తే గుడ్ ఆఫ్ యూ. ఇందరిని రానిచ్చిన ఇంట్లోకి, లెక్కల దగ్గరికొచ్చేసరికి పాపం ఇన్‌కు మాత్రం ప్రవేశం లేదు.

నారాయణఖేడ్‌లో ఈ బిట్టు ఇవ్వడమే అన్యాయం. మాది 1956 దాకా బీదర్ జిల్లాలో తాలూకా. ఆ ఏడాది నవంబర్ 1న భాషల లెక్కన రాష్ట్రాలు పంచుకున్నప్పుడు బీదర్ మైసూరుకు పోయింది, ఉద్గీర్ బొంబాయికి పోయింది, మేం మెదక్ జిల్లాలో చేరి ఆంధ్రప్రదేశ్‌కు వచ్చాం. ఇప్పుడు సంగారెడ్డి జిల్లా. పటం మీద గీతలు గీశారు సరే, నోళ్లనెవరు పంచుతారు? ఇక్కడ అంగడికి వెళ్లి వచ్చేలోగా నాలుగు భాషలు చెవిన పడతాయి. అందుకని సందేహం నలుగురిలో పెట్టాను. ఆటో భాయ్ 'హిసాబ్ మే హోషియార్' అన్నాడు. బీదర్ నుంచి కోడలిగా వచ్చిన పక్కింటామె 'లెక్కదల్లి జాణె' అంది. దెగ్లూర్ నుంచి వచ్చి బట్టలమ్మే సేటు 'గణితాత్ హుషార్' అన్నాడు. మనమెలాగూ 'లెక్కల్లో హుషార్' అనేవాళ్లమే. మే, అల్లి, ఆత్, లో. మూడు రాష్ట్రాలకు పంచినా విడిపోని నాలుగు భాషలూ ఏకగ్రీవంగా ఇన్‌కు ఓటేశాయి. ఎట్‌కు డిపాజిట్ కూడా దక్కలేదు. అయినా గెలిచింది ఎట్టే.

ఈ చట్టాన్ని మన ఇళ్లలోకి తెచ్చినవాళ్లలో పెద్ద పేరు ఇంగ్లీషు వ్యాకరణ పుస్తకం రాసిన రెన్ అండ్ మార్టిన్‌ది. రెన్ గురించి నాలుగు మాటలు చెప్పుకోవాలి, చెప్పుకోకపోతే నా కడుపుబ్బరం తగ్గదు. పెర్సివల్ క్రిస్టఫర్ రెన్ ఇంగ్లండ్ నుంచి వచ్చి కరాచీలో హెడ్మాస్టరుగా చేశాడు. బడిపంతులు కదా, ఏ చాదస్తుడో అనుకుంటాం. ఆయన 1924లో 'బో జెస్ట్' అని ఒక సాహస నవల రాశాడు. ఓ జమీందారీ ఇంట్లో పెద్ద నీలమణి మాయమవుతుంది. ముగ్గురు అన్నదమ్ములు ఒకరి తర్వాత ఒకరు ఇల్లు వదిలి ఫ్రెంచి వాళ్ల విదేశీ దళంలో చేరిపోతారు. సహారా ఎడారి, ఇసుక మధ్యలో ఓ కోట, చుట్టూ శత్రువులు. కోటలో సిపాయి చచ్చినప్పుడల్లా ఆ శవాన్ని లేపి, చేతికి తుపాకీ తగిలించి, గోడ కంత దగ్గర నిలబెడతారు. దూరం నుంచి చూసేవాడికి కోట నిండా జనం ఉన్నట్టే. ఆ నవల 1926లో మూకీ సినిమాగా వచ్చింది, 1939లో గ్యారీ కూపర్‌తో మళ్లీ వచ్చింది. ఆ శవాలు గోడ 'ఎట్' నిలబడ్డాయా, 'బై' నిలబడ్డాయా అని ఏ ప్రేక్షకుడూ అడిగి ఉండడు. ఇంత కల్పనాశక్తి ఉన్న మనిషి హాయిగా ఎడారిలోనే ఉండిపోక వ్యాకరణంలోకి ఎందుకొచ్చాడు? శవాలను కాపలా నిలబెట్టగలిగినవాడికి, బతికున్న పిల్లలను ఖాళీ గీతల ముందు నిలబెట్టడం ఓ లెక్కా! ఇక మార్టిన్. నవలకు రాలేదు, సినిమాకు రాలేదు, సరిగ్గా వ్యాకరణానికే దొరికాడు. తర్వాతి కాలంలో ఆ పుస్తకాన్ని సవరించినవారు ఎన్.డి.వి. ప్రసాదరావు గారు. అట్ట మీద ఆ పేరు చూసి, మనవారేనేమోనని ఎంత ఆశపడ్డానో. ఒక్క ఇన్ ఇప్పించలేకపోయారా సార్?

పోనీ, ఇంగ్లీషు వాళ్లలోనైనా ఐకమత్యముందా? 'డిఫరెంట్' తర్వాత ఫ్రమ్ తప్ప మరొకటి రాకూడదనుకోవడం వట్టి మూఢనమ్మకమని ఫౌలర్ 1926లోనే తన వాడుక నిఘంటువులో తేల్చేశాడు. ఇంగ్లండ్‌లో టు కూడా అంటారు, అమెరికాలో దాన్ కూడా అంటారు, ఎవరి కొంపా మునగలేదు. మన బిట్ల పుస్తకంలో మాత్రం ఫ్రమ్ పెడితేనే మార్కు. వాళ్లు వదిలేసిన మడి మనం కట్టుకున్నాం.

అసలు మనకు ఇన్‌తో కూడా పని లేదు. 'వాడికి లెక్కలొస్తయ్' అంటాం, అయిపోయింది. మనిషి ఎక్కడికీ కదలక్కర్లేదు, లెక్కలే నడిచి వస్తాయి.

నాతో చదువుకున్న ఒక తండా పిల్లవాడికి అట్లాగే వచ్చేవి, పిలవకుండా. పంతులు నల్లబల్ల మీద ప్రశ్న రాయడం పూర్తయ్యేలోపు జవాబు చెప్పేవాడు. పదో తరగతిలో ఇంగ్లీషు పోయింది. ఒక్క సబ్జెక్టు తప్పితే పది తప్పినట్టే. ఆ ఏడే దసరా దాటాక తండావాళ్లతో చెరుకు నరకడానికి వెళ్లాడు, తర్వాత ఏటా వెళ్తూనే ఉన్నాడు. నరికింది ఎన్ని టన్నులు, జోడీకి ఎంత వస్తుంది, ముందు తీసుకున్న అడ్వాన్సులో ఎంత తెగింది, ఇంకెంత మిగిలింది, అన్నీ నోటితోనే. వాడున్న ముఠాను మేస్త్రీ మోసం చేయలేకపోయేవాడని చెప్పుకునేవారు. వాడు లెక్కల్లో గట్టివాడని ఎవరూ ఏ కాగితం మీదా రాసివ్వలేదు. రాసిచ్చి ఉంటే, ఎట్ అయినా ఇన్ అయినా వాడేమీ అనుకునేవాడు కాదు.

తెలంగాణలో 2022-23 నుంచి సర్కారు బడులన్నిటిలోనూ ఇంగ్లీషు మీడియం మొదలైంది. ఇక తండా పిల్లలకూ ఖాళీ గీతలకు కొదవ లేదు.

మా మనుమరాలి బిట్ల పుస్తకంలో ఇప్పుడు 'యాంగ్రీ' నడుస్తోంది. కోపం మనిషి మీదైతే విత్, వస్తువు మీదైతే ఎట్ అట. రెన్ 1941లోనే పోయాడు, మార్టిన్‌తో నాకు పాత తగాదాలేవీ లేవు. మరి నా కోపం ఎట్ కిందికే వస్తుంది.