పరారీలో ఇద్దరు

నేరస్థుడు దొరక్కపోయినా బాధితుడికి పరిహారం ఇవ్వొచ్చు. 2009 చివరి నుంచీ చట్టంలో ఉన్న మాటే. ఆ పరిహారంపై విచారణ రెండు నెలల్లో ముగించాలనీ ఉంది. ఏ రెండు నెలలో మాత్రం రాయలేదు!

కత్తిపోటు పడటానికి అరనిమిషం. పడిందని రుజువు చేయడానికి ఎఫ్‌ఐఆర్ నకలు, వైద్య నివేదిక, ఆధార్, పాసుపుస్తకం మొదటి పేజీ జిరాక్స్.

"ఇందులో ఇంటిపేరు ముందుంది, అందులో వెనకుందేం?" అంటాడు గుమాస్తా.

ఒంటిమీది కుట్లు ఊడాయి. ఫైలుకు కట్టిన దారం ఊడలేదు.

2024 జులైలో ఈ పరిహారం మాట చెప్పే సీఆర్‌పీసీ 357ఏ కాస్తా నాగరిక్ సురక్షా సంహిత 396 అయింది. సెక్షన్ కదిలింది. ఇక కదలాల్సింది ఫైలే.

ప్రస్తుతం పరారీలో ఉన్నది ఇద్దరు: నిందితుడు, ఫైలు. నిందితుడి కోసమైతే కనీసం గాలిస్తున్నారు!