బండలమొట్టు సీసము ఆత్మకథ

జి. కొండూరు మండలములోని ఒక మామిడితోటలో నన్ను ట్రాక్టరు బ్యాటరీగా ఎఱిగినవారే గాని, నా పూర్వజన్మలను ఎఱిగినవారు లేరు. పన్నెండు వోల్టుల నల్లని పెట్టెలో, ఆరు అఱలయందు, పలకలుగా నిలిచియున్న సీసమును నేను. వినుకొండ ప్రాంతమున, అగ్నిగుండాల చేరువనున్న బండలమొట్టు కొండగర్భము నా జన్మస్థానము. గంధకముతో పెనవైచుకొని, గలీనా అను పేర, వెండివలె మెఱయు ఖనిజరూపమున యుగయుగములు నిద్రించిన నన్ను వెలికిదీసి, కొలిమిలో కరగించి, దిమ్మలుగా పోసిరి. 327 డిగ్రీల వేడికే కరగిపోవు మెత్తని లోహమునైనను, ఎన్నిమార్లు కరగించినను గుణము చెడక మరల పలకగా నిలువగల శక్తి నాకు కలదు. ఒకసారి భూమిపైకి వచ్చిన సీసమునకు మరణము లేదు, రూపాంతరమే కలదు. 1859లో ఫ్రాన్సుదేశీయుడైన గాస్టన్ ప్లాంటే సీసపు రేకులను గంధకామ్లమున ముంచి, విద్యుత్తును నిలువచేసి మరల పుచ్చుకొను ఉపాయమును కనిపెట్టినది మొదలు మా జాతికి ఈ కొలువు ఏర్పడినది.

ఈ తోటలో నా కొలువు సుఖముగానే జరిగినది. మార్గశిర పుష్యములలో పూత విరియు వేళ తేనెమంచు పురుగునకును, బూడిద తెగులునకును మందు కొట్టవలసివచ్చినపుడు, ఎండ ఎక్కకమునుపే తాళపుచెవి త్రిప్పగానే ఇంజనును మేల్కొలిపినదానను నేను. వేసవిలో బంగినపల్లి, చిన్నరసాల బుట్టలతో ట్రాక్టరు నున్న మార్కెట్టునకు సాగిపోవునప్పుడును నేనే. ఆ ఇంటి పెద్దకొడుకు నా కొనలయందు తెల్లగా పూచిన ఉప్పును వేడినీటితో కడిగి, వాజెలిను రాచి, అఱలలో డిస్టిల్డు వాటరు తగుమాత్రముగా నింపుచుండెడివాడు. అయినను పలకలపై సల్ఫేటు గట్టిపడుట ఏ సీసపు బ్యాటరీకిని తప్పదు. ఒకనాటి ఉదయమున తాళము త్రిప్పగా టిక్కుమను చప్పుడు మాత్రమే వచ్చినది.

బ్యాటరీకి అసలైన పరీక్ష పనిచేయునన్నాళ్లు కాదు, పని ఉడిగిన దినముననే మొదలగును. నేను పూర్వజన్మలో ఒకసారి ఆ పరీక్షలో పడి చూచినదంతయు చెప్పెదను. ఊరి పేరు చెప్పను. ఒక చింతతోపు చాటున, ఇద్దరు కూలివాండ్రు గొడ్డలితో నా పెట్టెను పగులగొట్టి, ఆమ్లమును పంటబోదెలోనికి వంచి, కోసిన పీపాలో బొగ్గులు రాజవేసి నన్ను కరగించిరి. నాలో కొంత భాగము దిమ్మగా నిలిచినది. కొంత పొగయై ఆ తోపుపై వ్యాపించినది. కొంత బూడిదయై నేలపాలైనది. ఆ కూలివాడు సాయంకాలమున ఇంటికి పోయి, అదే చొక్కాతో, నడకనేర్చుచున్న బిడ్డను ఎత్తుకొనెను. బిడ్డ ఆ చొక్కా గుండీని నోటబెట్టుకొనెను. ఆ గుండీమీది ధూళి నేనే.

పెద్దలకంటె చిన్నబిడ్డల దేహము సీసమును నాలుగైదు రెట్లు అధికముగా గ్రహించునని వైద్యులు చెప్పుదురు. ఎముకలలో సున్నపు స్థానమును ఆక్రమించి దశాబ్దములు దాగియుందును. మెదడు పెరుగు దశలో చొచ్చినచో తెలివిని కుంటుపఱచెదను. ఇంత సీసమువరకు హాని లేదని చెప్పదగిన హద్దు ఏదియు కనబడలేదని ప్రపంచ ఆరోగ్యసంస్థ ప్రకటించినది. 2007-08లో సెనెగల్ దేశమున, డకార్ నగరపు పొలిమేరలోని తియారో అను పల్లెయందు, పాత బ్యాటరీలు కరగించిన మట్టిమూలమున పదునెనిమిదిమంది పసిబిడ్డలు మరణించిరి. ప్రపంచమున దాదాపు ఎనభై కోట్లమంది పిల్లల రక్తమున నేను చర్య తీసికొనవలసినంతగా ఉన్నానని 2020లో యూనిసెఫ్, ప్యూర్ ఎర్త్ సంస్థలు ప్రకటించినవి.

ఆ ఏటనే, డిసెంబరు మాసమున, మాకు ఎంతో దూరము లేని ఏలూరులో వందలకొలది జనులు మూర్ఛలు వచ్చి ఆసుపత్రుల పాలైరి. రోగుల రక్తమున సీసము, నికెలు కనబడినవని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు తెలుపగానే, పాత బ్యాటరీలపైకి అందఱి చూపును మరలినది. తుదకు పురుగుమందుల అవశేషములే ప్రధాన కారణమై యుండునని నిపుణులు తేల్చిరి. నింద నాపై నిలువలేదని నాకు తృప్తి లేదు. పురుగుమందు డబ్బాయు తోటలో నా పొరుగుదే గదా! వాడిన డబ్బాలను పగులగొట్టి, నివాసములకు దూరముగా పూడ్చవలెనని 1971 నాటి క్రిమిసంహారకముల నియమములు చెప్పుచుండ, అవే డబ్బాలను కడిగి నీళ్లు తెచ్చుకొను ఇండ్లను నేను చూచితిని. అది చూచినప్పుడు నాకు భయము కలిగినది.

నాకై శాసనములు లేకపోలేదు. 1984 నాటి భోపాలు ఘోరము పిమ్మట 1986లో పర్యావరణ పరిరక్షణ చట్టమును, 1989లో ప్రమాదకర వ్యర్థముల నియమములును వచ్చినవి. 2001లో ప్రత్యేకముగా బ్యాటరీలకే నియమావళి ఏర్పడి, అమ్మిన వర్తకుడే పాతదానిని తిరిగి తీసికొనవలెననియు, మూడేండ్లు గడచునప్పటికి నూటికి తొంబదిపాళ్లు తిరిగి రాబట్టవలెననియు విధించినది. దాని స్థానమున 2022 ఆగస్టులో వచ్చిన క్రొత్త నియమములు, బ్యాటరీని తయారుచేసినవాడే దాని అంత్యగతికిని పూచీ వహించవలెనని శాసించి, నన్ను పూడ్చుటను, కాల్చుటను నిషేధించినవి. చక్రముల చెత్తబుట్టపై అడ్డగీతలు గీసిన గుర్తు నా ఒడలిపై కనబడుట ఆ నియమముల వలననే. నన్ను ఇంటిచెత్తలో కలుపరాదని దాని భావము. ఈ శాసనములు మంచివని నా నిశ్చితాభిప్రాయము. అయితే అవి ఫ్యాక్టరీ గుమ్మమును పట్టుకొన్నంత గట్టిగా తోట గుమ్మమును పట్టుకొనలేదు. పాతసామాన్లవాడు వాకిటికే వచ్చి అప్పటికప్పుడు రొక్కమిచ్చును. శాసనము పట్టణములోని అంగడిలో కూర్చుండి మనము పోవువఱకు వేచియుండును. రైతును మాత్రమే నిందించుట న్యాయము కాదు. పల్లెలకు బండి పంపి పాత బ్యాటరీలను చేర్చుకొను పూచీ తయారీదారులదే.

నేను మూగవోయిన ఆ దినముననే పాతసామాన్లవాడు వచ్చెను. త్రాసు దింపుచు, "అమ్మా, లోపల నీళ్లు ఒంపేస్తేనే తూకం వేస్తాను. యాసిడ్‌కి కూడా డబ్బులిమ్మంటావా?" అనెను. ఇంటి పెద్దావిడ అరుగు దిగివచ్చి, "చెట్టు మొదట్లో ఒంపుతావా నాయనా? పోయినసారి గట్టుమీద ఒంపినచోట ఇప్పటికీ గడ్డి మొలవలేదు. పెద్దోణ్ణి రానీ, కొట్లోనే ఇచ్చేస్తాడు" అని పంపివైచెను.

ఆమె గట్టును తలచుకొన్నది. నేను బుడమేరును తలచుకొంటిని. ఈ మండలపు నేలమీద ఒలికినది ఇక్కడనే నిలిచియుండదు. మైలవరము కొండల నీరు బుడమేరై వెలగలేరు మీదుగా సాగి, తుదకు కొల్లేటికి చేరును. 2024 సెప్టెంబరులో ఆ ఏరు గట్లు తెంచుకొని విజయవాడను ముంచినప్పుడు ఎన్ని వాకిళ్ల మట్టి ఎన్ని యిండ్లలోనికి చేరెనో చూచినవారికి వేఱుగ చెప్పనక్కఱలేదు.

పెద్దకొడుకు నా మూతలు బిగించి, తిరగబడకుండ గోనెసంచిపై నిలువుగా నిలిపి, అంగడికి చేర్చి, క్రొత్తదాని వెలలో నా వెల తగ్గించుకొని రసీదు పుచ్చుకొనెను. ఇక్కడనుండి అనుమతి పొందిన పునశ్శుద్ధి కర్మాగారమునకు పోవుదును. వెనుకటి మఱొక జన్మలో ఆ త్రోవయు ఎఱిగినదానను: యంత్రము పెట్టెను ముక్కలు చేయగా నీటితొట్టిలో ప్లాస్టిక్కు తేలును, నేను అడుగునకు దిగుదును, ఆమ్లమును సున్నముతో శాంతింపజేయుదురు, కొలిమి పొగను గుడ్డసంచుల గుండా వడియగట్టి, నా రేణువు బయటకు పోనీయరు. అక్కడ పనివారు పనిచొక్కా అక్కడనే విడిచి, స్నానము చేసి, బిడ్డలయొద్దకు పోవుదురు.

జి. కొండూరు, మైలవరము, నూజివీడు సీమల రైతులారా! ట్రాక్టరుదైనను, ఇంటి ఇన్వర్టరుదైనను, మూగవోయిన బ్యాటరీని ఎవరికొఱకును పగులగొట్టకుడు, ఆమ్లమును వంపకుడు. నిండుగా, నిలువుగా, అమ్మిన అంగడికే చేర్చి రసీదు అడుగుడు.