ఎనిమిదో గేరు దర్శనం

ఒకప్పుడు కారు ప్రకటనలో మైలేజీ అంకె పెద్దక్షరాల్లో ఉండేది. ఇప్పుడా చోటు గేర్లకు దక్కింది. ఆరంటే నామోషీ, ఏడంటే ఫర్వాలేదు, ఎనిమిదంటే వీధిలో నలుగురికీ వినబడేలా చెప్పుకోవాలి. ఎనిమిది గేర్ల కారేసుకుని పండక్కొచ్చిన కొత్తల్లుడూ, జీవితమంతా ఆర్టీసీ స్టీరింగు తిప్పి రిటైరైన మామగారూ అరుగు మీద కూర్చుంటే మాట ఇలాగే నడుస్తుంది.

అల్లుడు: మావయ్యగారూ, మీ బస్సుకి ఎన్ని గేర్లుండేవి?

మామ: ఐదు బాబూ. రివర్సు వేరే.

అల్లుడు: (జాలిగా) మాదానికి ఎనిమిది. పైగా ఆటోమేటిక్.

మామ: చాలా సంతోషం. ఎనిమిదో గేరు దర్శనం అయిందా?

అల్లుడు: అంటే?

మామ: మీరు రోజూ కూకట్‌పల్లి నుంచి హైటెక్ సిటీకేగా వెళ్లేది. ఆ దారిలో రెండు, మూడు, మహా అయితే నాలుగు. మిగతావి లోపల తలుపులేసుకునే ఉంటాయి.

అల్లుడు: ఔటర్ రింగురోడ్డెక్కితే పడుతుందండీ.

మామ: ప్రత్యేక ప్రవేశ దర్శనమన్నమాట. అందుకేగా టోలు.

అల్లుడు: మీకన్నీ వేళాకోళమే. దీని వెనక శాస్త్రముంది. ఇంజను తక్కువ ఆర్పీఎంలో కాస్త గట్టి లోడు మీద తిరిగితే ఇంధనం పొదుపు. గేర్లు ఎక్కువుంటే కారు ఏ వేగంలో ఉన్నా ఇంజన్ని ఆ దరిదాపుల్లో ఉంచొచ్చు. 2009లో జర్మనీ జెడ్ఎఫ్ వాళ్ల ఎనిమిది గేర్ల పెట్టె వచ్చినప్పుడు, వాళ్ల ఆరు గేర్లదానికంటే ఆరు శాతం ఆదా అని చెప్పారు.

మామ: చెప్పారు. అది రెండు గేర్లు పెరిగినందుకేనా? మొదటి గేరుకీ ఆఖరి గేరుకీ మధ్య ఎడం చూడాలి. అందులో అది ఏడు రెట్లు. పాత నాలుగు గేర్లవాటిలో నాలుగు రెట్లకు అటూఇటూ. పైగా ఏ గేరులో ఉన్నా విడిపోయి ఒరుసుకునే క్లచ్చులూ బ్రేకులూ రెండే ఉండేలా కట్టారు. టార్క్ కన్వర్టరు తొందరగా లాకవుతుంది. జారుడు తగ్గింది, ఒరిపిడి తగ్గింది. ఇదంతా బ్రోషర్లో రాస్తే చదివేవాడెవడు? ఎనిమిదని రాశారు, మీరు కొన్నారు.

అల్లుడు: ఇవన్నీ మీకెలా తెలుసు?

మామ: రిటైరయ్యాక మనవడి ఫోనే కదా నా డ్యూటీ.

అల్లుడు: సరే, మన మారుతీనే చూడండి. 2022లో ఎర్టిగా ఆటోమేటిక్‌ని నాలుగు గేర్ల నుంచి ఆరుకి పెంచారు. లీటరుకి పద్దెనిమిది ఇచ్చేది ఇరవై దాటింది!

మామ: ఇంజనూ అప్పుడే మార్చారు. గేర్లు పెరగని మాన్యువల్ కూడా పంతొమ్మిది నుంచి ఇరవైన్నరకి చేరింది. ఇంజను వాటా ఎంతో, గేర్ల వాటా ఎంతో విడదీసి చెప్పే పెద్దమనిషి షోరూములో దొరకడు.

అల్లుడు: మా తోడల్లుడు తొమ్మిది గేర్లది బుక్ చేశాడు. అతనికేమంటారు?

మామ: పాపం, ఆయన క్యూ ఇంకా పొడుగు. అమెరికాలో 2013లో జీప్ చెరోకీకి తొమ్మిది పెట్టారు. సాఫ్ట్‌వేరు కుదరక తయారైన బళ్లు ఫ్యాక్టరీ దాటడమే ఆలస్యమైంది. దాటాక కూడా గంటకి నూటపది దరిదాపులకొస్తే గానీ తొమ్మిదోది పడటం లేదని కొన్నవాళ్ల గోల.

అల్లుడు: వీఐపీ బ్రేక్ దర్శనం లాంటిదేమైనా...

మామ: బ్రేకు తొక్కితే కనబడదండీ ఆ దేవుడు. యాక్సిలరేటరు దర్శనమే.

అల్లుడు: పోనీ పికప్పు? గేర్లు దగ్గర దగ్గరగా ఉంటే పవరు జారదు కదా.

మామ: కొండెక్కేటప్పుడూ, సున్నా నుంచి నూరు కొట్టేటప్పుడూ నిజమే. ట్యూనింగ్ బాగుంటే మహారాజు. లేదంటే ఓవర్‌టేకుకి కాలు నొక్కితే ఎనిమిది నుంచి ఐదుకి దిగాలా, మూడుకి దిగాలా అని పెట్టె పంచాయతీ పెడుతుంది. ఎదురొచ్చే లారీవాడు తీర్పు చెబుతాడు.

అల్లుడు: మా పక్క ఫ్లాటాయన సీవీటీ మాత్రం ఎంత మెత్తగా పోతుందో! ఏడు గేర్లట.

మామ: సీవీటీకి గేర్లెక్కడివి? రెండు పుల్లీలు, మధ్యన బెల్టు. కొన్నవాడి మనసు చిన్నబోకుండా సాఫ్ట్‌వేరు ఏడు మెట్లు నటిస్తుంది.

అల్లుడు: ఏడోది పడిందని స్క్రీను మీద చూపించాడే!

మామ: ఆయన చూసింది ఉత్సవమూర్తిని. లోపల మూలవిరాట్టు లేదు.

(ఇక్కడ మామగారు కండువా సవరించుకున్నారు. ఆర్టీసీ డ్రైవరు కండువా సవరిస్తే తర్వాతొచ్చేది కేఎంపీఎల్ ప్రవచనం.)

మామ: వినండి అల్లుడుగారూ. షెవర్లే వాళ్లు 1950 నుంచి 1973 దాకా రెండే గేర్ల ఆటోమేటిక్ అమ్మారు, జనం ఊళ్లేలారు. మా డిపోలో లీటరుకి ఎన్ని కిలోమీటర్లొచ్చాయన్నదే డ్రైవరు జాతకం. అందరికీ అవే బస్సులు, అవే ఐదు గేర్లు. ఒకడికి ఐదున్నర, ఇంకొకడికి ఐదు రావడం కష్టం. తేడా కుడికాలిలో ఉంది. దూరాన సిగ్నలు ఎర్రబడితే ఇక్కడే కాలు తియ్యాలి. టైర్లలో గాలి చూసుకోవాలి. ఇంజను ఆన్‌లో పెట్టి టీ తాగకూడదు. తిరుమల ఘాట్ దిగేటప్పుడు ఎక్కే గేరులోనే దిగాలి. మీ ఆటోమేటిక్‌కీ మాన్యువల్ మోడు ఇచ్చింది అందుకే, దాన్ని ఒక్కసారైనా...

అల్లుడు: (ఆవలింత ఆపుకుంటూ) మావయ్యగారూ, ఒక్క సందేహం. ఎనిమిదంటే శని అంకె కదండీ.

మామ: (ప్రవచనం ఆపేసి, ఉత్సాహంగా) అవునే! మీరు న్యూమరాలజీ చూపించలేదూ?

అల్లుడు: చూపించాను. నంబరు కూడితే తొమ్మిదొచ్చేలా ఆర్టీఏ వేలంలో పాడి తెచ్చాను.

మామ: ఎంతకి?

అల్లుడు: మీ అమ్మాయికి చెప్పనంటే చెబుతాను.

మామ: అయితే వద్దులెండి. మూడేళ్ల పెట్రోలని అర్థమైంది. మరి నంబరుకి పరిహారం చేశారు గానీ గేర్లకి?

అల్లుడు: (కాసేపు ఆలోచించి, ఒక్కసారిగా) రివర్సు కలిపితే తొమ్మిదండీ!

మామ: భేష్! ఆ మాటకొస్తే మీ అపార్టుమెంటు పార్కింగులో రోజూ తప్పకుండా దర్శనమిచ్చేది అదొక్కటే.

అల్లుడు: కానీ... ఆ లెక్కన మా తోడల్లుడికి పదవుతాయి. పదంటే ఒకటి. సూర్యుడు!

మామ: దిగులుపడకండి. ఫోర్డూ జనరల్ మోటార్సూ కలిసి పది గేర్లది ఎప్పుడో తయారు చేశాయి. 2017 నుంచీ బళ్లలో వస్తోంది. ఈసారి అది తెప్పించుకోండి. రివర్సుతో పదకొండు.

అల్లుడు: పదకొండంటే రెండు. చంద్రుడు. నాకు పడడండీ.